67వ సెకనులో ఆగిన మంట

2021 జనవరి 16. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని స్టెనిస్ అంతరిక్ష కేంద్రం. బి-2 అనే పరీక్షా వేదికలో కదలకుండా బిగించిన రాకెట్ దశ (ఇంజిన్లూ ఇంధన ట్యాంకులూ ఉన్న భాగం) కింద నాలుగు ఇంజిన్లు ఒకదాని వెంట ఒకటి అంటుకున్నాయి. రాకెట్ ఎక్కడికీ వెళ్లదు. నిజంగా ఎగిరినప్పుడు ఎంతసేపు మండాలో అంతసేపూ నేల మీదే మండించి చూడటం ఆ రోజు పని. సుమారు ఎనిమిది నిమిషాలు మండాల్సిన ఇంజిన్లు 67 సెకన్లకే ఆరిపోయాయి.

ఈ వార్త వినగానే ఎవరికైనా తోచే మాట ‘విఫలం’. ఆ మాట ఇక్కడ ఎందుకు అతకదో అర్థమైతే, చంద్రుడి మీదకు మనుషులను మళ్లీ పంపే రాకెట్ తయారీకి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో చాలావరకు అర్థమవుతుంది.

రాకెట్‌ను దారిలో ఉంచాలంటే ఇంజిన్ల నోళ్లను కొద్దికొద్దిగా పక్కలకు వంచుతూ ఉండాలి. ఆ వంచే పని హైడ్రాలిక్ యంత్రాలది. పరీక్ష మొదలైన నిమిషానికి ఇంజిన్లను అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టారు. రెండో ఇంజిన్‌కు చెందిన హైడ్రాలిక్ వ్యవస్థలో ఒక కొలత ముందుగా గీసిన గీతను తాకింది. వెంటనే కంప్యూటర్ అన్నిటినీ ఆర్పేసింది. అదే కొలత ఆకాశంలో కనిపించి ఉంటే రాకెట్ ఆగేది కాదు, మిగిలిన యంత్రాల బలంతో ముందుకు సాగేది. నేల మీద మాత్రం గీతను కావాలనే చాలా దగ్గరగా గీశారు. ఎందుకంటే అక్కడ బిగించి ఉన్నది నమూనా కాదు. చంద్రుడి వైపు వెళ్లాల్సిన అసలు దశ అదే. అది పాడైతే వెంటనే పెట్టడానికి మరొకటి లేదు.

ఈ పరీక్షల వరుసకు నాసా పెట్టిన పేరు ‘గ్రీన్ రన్’. ఇంకా ఒక్కసారి కూడా మంట చూడని దశ కాబట్టి ఆ పేరు. కాల్చని కుండను మనం పచ్చి కుండ అన్నట్టే. గీతలను సరిచేసి మార్చి 18న మళ్లీ మండించారు. ఈసారి ఇంజిన్లు 499.6 సెకన్ల పాటు నిరాటంకంగా మండాయి. ఆ తర్వాతే ఆ దశ పడవ ఎక్కి ఫ్లోరిడాకు ప్రయాణమైంది.

ఇంతకీ ఈ రాకెట్ ఏమిటి? పేరు స్పేస్ లాంచ్ సిస్టమ్, పొట్టిగా ఎస్ఎల్ఎస్. నాసా తలపెట్టిన ఆర్టెమిస్ చంద్రయాత్రలకు వాహనం. ఎత్తు 98 మీటర్లు. ఇంధనంతో సహా బరువు సుమారు 2,600 టన్నులు. నేల విడిచేటప్పుడు కిందికి తన్నే బలం దాదాపు 4,000 టన్నులు. నడుమ ఉన్న నారింజ రంగు స్తంభం ప్రధాన దశ. దానికి అటూ ఇటూ రెండు తెల్లని ఘన ఇంధన బూస్టర్లు. పైన రెండో దశ, ఆ పైన వ్యోమగాములు కూర్చునే ఓరియన్ గుళిక, కొసన ప్రమాదంలో గుళికను లాక్కుపోయే తప్పింపు రాకెట్.

ఇందులో అన్నీ కొత్తవి కావు. మొదటి ఎస్ఎల్ఎస్‌కు బిగించిన నాలుగు ఆర్ఎస్-25 ఇంజిన్లూ అంతకుముందు నాసా పాత వ్యోమనౌక స్పేస్ షటిల్‌లో ఎగిరినవే. వాటిలో ఒకటి 1998లో, 77 ఏళ్ల వయసులో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ రెండోసారి అంతరిక్షానికి వెళ్లిన యాత్రలో పనిచేసింది. షటిల్ ఆ ఇంజిన్లను ప్రతిసారీ భద్రంగా వెనక్కి తెచ్చేది. ఎస్ఎల్ఎస్ తేదు. ఎనిమిది నిమిషాల పని ముగిశాక దశతో పాటు అవీ సముద్రం పాలే. అంత గొప్ప యంత్రాలకు అలాంటి ముగింపు రాయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంజిన్లు పాతవే అయినా వాటికి ఇంధనం అందించే ట్యాంకులు కొత్తవి. న్యూ ఆర్లీన్స్‌లోని మిషూ కర్మాగారంలో వాటిని అతుకుతారు. మామూలు వెల్డింగ్‌లో లోహాన్ని కరిగిస్తారు. ఇక్కడ కరిగించరు. వేగంగా తిరిగే కడ్డీతో రెండు పలకల అంచులను మెత్తబడేదాకా రుద్ది, రెండు పిండి ముద్దలను ఒకటిగా పిసికినట్టు కలిపేస్తారు. అలా తయారైన ప్రధాన దశ 64 మీటర్లకు పైగా పొడవు, 8.4 మీటర్ల వ్యాసం. ఖాళీగా ఉంటే సుమారు 85 టన్నులు, నింపితే వెయ్యి టన్నులు దాటుతుంది. అంటే మొత్తం బరువులో పాత్ర వంతు నూటికి ఎనిమిది పాళ్లు. కోడిగుడ్డులో పెంకు వంతు కూడా దాదాపు ఇంతే. ఆ పలుచని పెంకు ఇంజిన్ల తోపుడునూ, బూస్టర్ల లాగుడునూ, గాలి తాకిడినీ ఒకేసారి భరించాలి.

భరిస్తుందని నమ్మకం ఎలా? విరగ్గొట్టి చూడటమే. అలబామాలోని మార్షల్ కేంద్రంలో, అచ్చంగా అదే కొలతలతో కట్టిన హైడ్రోజన్ ట్యాంకును ఉక్కు చట్రంలో నిలబెట్టి, హైడ్రాలిక్ దండాలతో అన్ని వైపుల నుంచీ నొక్కారు, లాగారు, వంచారు. 2019 డిసెంబర్ 5న, ఎగిరేటప్పుడు పడే భారానికి రెండున్నర రెట్లకు పైగా మోపి అయిదు గంటలకు పైగా పట్టి ఉంచాక అది చీలిపోయింది. ఇంజినీర్లకు అసలు సంతృప్తి ఇచ్చింది అది అంతసేపు నిలవడం ఒక్కటే కాదు. ఎక్కడ చీలుతుందని లెక్కగట్టారో అక్కడే చీలింది, ఎంత భారానికి చీలుతుందన్నారో నూటికి మూడు పాళ్ల తేడాలో ఆ భారానికే చీలింది. ట్యాంకు గట్టిదని తెలియడం మంచిదే. దాని గురించి కాగితం మీద వేసిన లెక్క నిజమని తెలియడం అంతకన్నా విలువైనది. మనుషులు ఎక్కే ట్యాంకును ఎవరూ చీల్చి చూడలేరు. దానికి కాపలా ఆ లెక్కే.

బూస్టర్ల సంగతి వేరు. ఒకసారి అంటుకున్న ఘన ఇంధనాన్ని ఆర్పడం ఎవరి తరమూ కాదు. అందుకే యూటాలోని ఎడారి నేలలో వాటిని అడ్డంగా పడుకోబెట్టి, భూమికి బిగించి, రెండు నిమిషాలూ పూర్తిగా కాల్చి చూశారు. 2015 మార్చిలో ఇంధనాన్ని సుమారు 32 డిగ్రీల వేడిలో ఉంచి ఒకసారి, 2016 జూన్‌లో సుమారు 4 డిగ్రీల చలిలో ఉంచి ఇంకోసారి. చలికి ఇంత పట్టింపు ఎందుకో పాఠకులలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ షటిల్ కూలి ఏడుగురు చనిపోయింది ఇలాంటి బూస్టర్ కీలులోని రబ్బరు వలయం చలికి బిగుసుకుపోవడం వల్లనే. 2016లో చల్లబరిచి కాల్చిన ఆ బూస్టర్ వెనుక ఆ ఏడుగురూ ఉన్నారు.

ఆర్పలేని మంట మీద మనిషిని కూర్చోబెట్టినప్పుడు తప్పించుకునే దారి కూడా ఉండాలి. 2019 జూలై 2న ఫ్లోరిడా తీరంలో ఒక చిన్న బూస్టర్ మీద ఖాళీ ఓరియన్ గుళికను పంపి, దాదాపు తొమ్మిదిన్నర కిలోమీటర్ల ఎత్తులో, ధ్వనిని మించిన వేగంలో తప్పింపు రాకెట్‌ను పేల్చారు. గుళిక విడిపోయి దూరంగా దూసుకుపోయింది. దానికి పారాచూట్లు పెట్టలేదు, వాటిని విడిగా పరీక్షించారు. సమాచారం దాచిన 12 పెట్టెలను బయటికి విసిరి గుళిక సముద్రంలో పడిపోయింది.

ఇలాంటి పరీక్షే మన శ్రీహరికోటలోనూ జరిగింది. 2023 అక్టోబర్ 21 ఉదయం, గగన్‌యాన్ కోసం ఇస్రో చేసిన టీవీ-డి1 ప్రయోగం. కౌంట్‌డౌన్ సరిగ్గా 5 సెకన్ల దగ్గర ఆగింది. చూస్తున్న వారికి గుండె జారింది. కంప్యూటర్ ఎందుకు ఆపిందో తేల్చుకుని, సరిచేసి, 10 గంటలకు పంపారు. సుమారు 12 కిలోమీటర్ల ఎత్తులో గుళిక విడిపోయి, పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగింది. అక్కడ పారాచూట్లు లేకుండా, ఇక్కడ పారాచూట్లతో. పద్ధతులు వేరైనా అడిగింది ఒకటే: కింద రాకెట్ ఎదురు తిరిగితే పైనున్నవాళ్లు బతుకుతారా?

పరీక్షల గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. పరీక్ష తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. అడగని ప్రశ్న అలాగే మిగిలిపోయి, ప్రయోగం రోజున ఎదురొస్తుంది. 2022లో ఫ్లోరిడాలో జరిగిందంతా దీనికి ఉదాహరణే. ఆ కథలో ప్రతినాయకుడు హైడ్రోజన్.

విశ్వంలో అన్నిటికన్నా తేలికైన మూలకం అది. ప్రధాన దశలో హైడ్రోజన్ ట్యాంకు 20 లక్షల లీటర్లు పట్టేది, అయినా అందులోని ఇంధనం బరువు 150 టన్నుల లోపే. దాని పైనున్న ఆక్సిజన్ ట్యాంకు ఏడున్నర లక్షల లీటర్లు కూడా పట్టదు, అందులోని సరుకు మాత్రం 800 టన్నులు దాటుతుంది. హైడ్రోజన్‌ను మండిస్తే వచ్చే ఆవిరి మహా వేగంతో దూసుకుపోతుంది. కిలో ఇంధనానికి ఇంత తోపుడు ఇచ్చే సాధారణ రసాయన ఇంధనం మరొకటి లేదు. ఆ గుణం కోసమే దాని తిప్పలన్నీ పడతారు.

తిప్పలు మామూలువి కావు. ద్రవంగా ఉంచాలంటే మైనస్ 253 డిగ్రీలు ఉండాలి. పొర చుట్టని గొట్టంలో పోస్తే, ఆ గొట్టాన్ని తాకిన గాలే ద్రవమై కారుతుంది. అంత చలికి లోహాలు ముడుచుకుంటాయి, ఒక్కో లోహం ఒక్కో మోతాదులో. అప్పుడు అతుకుల మధ్య వెంట్రుక సందు తెరుచుకున్నా చాలు, అంతటి చిన్న అణువు దారి చేసుకుంటుంది. మనం ఇంట్లో గ్యాస్ రెగ్యులేటర్ బిగించి, సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూస్తాం. ఇక్కడ ఆ నిశ్చింత లేదు. మామూలు వేడిలో చూస్తే ఏ లీకూ ఉండదు. చలి తగిలాకే బయటపడుతుంది. అంటే లక్షల లీటర్లు నింపడం మొదలుపెడితే తప్ప అసలు సంగతి తెలియదు.

పైగా ఆ అతుకు పని కూడా విచిత్రమైనది. నేల మీది గొట్టానికీ రాకెట్‌కూ మధ్య ఉండే ఆ మూతి, నింపేటప్పుడు చుక్క కూడా బయటికి పోనంత బిగువుగా ఉండాలి. రాకెట్ లేచిన క్షణంలో మాత్రం ఏ పట్టూ లేనట్టు ఊడిపోవాలి. ఈ రెంటినీ ఒకే చోట సాధించడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. షటిల్ కాలంలోనూ ఈ మూతులు ఇంజినీర్లను ఏడిపించాయి.

2022 మార్చిలో రాకెట్‌ను 39బి వేదికకు చేర్చారు. ఏప్రిల్ నుంచి ‘తడి రిహార్సల్’ మొదలైంది. ఇంధనం పూర్తిగా నింపి, కౌంట్‌డౌన్‌ను చివరి సెకన్ల దాకా నడిపి, అంటించకుండా ఆపేయడం. మూడుసార్లు మధ్యలోనే ఆగారు. నాలుగోసారి, జూన్ 20న, చిన్న గొట్టం మూతి దగ్గర హైడ్రోజన్ కారుతున్నా కౌంట్‌డౌన్ నడిపించి 29 సెకన్ల దగ్గర ఆగారు. ఆ లీకు వల్ల ఒక అంశం మాత్రం మిగిలిపోయింది. ఇంజిన్లను అంటించే ముందు వాటి గుండా చల్లని హైడ్రోజన్ పారించి, లోపలి లోహాన్ని ముందే గడ్డకట్టేంత చల్లబరచాలి. లేకపోతే ఒక్కసారిగా తగిలే చలికి భాగాలు దెబ్బతింటాయి. ఆ చల్లబరిచే పని రిహార్సల్‌లో చూడలేకపోయారు.

ఆగస్టు 29న, ప్రయోగం రోజున, రాకెట్ సరిగ్గా అక్కడే ఆగింది. మూడో ఇంజిన్ మైనస్ 251 డిగ్రీల దగ్గరికి చేరాలి. సెన్సర్ మైనస్ 229 దగ్గరే ఉందని చూపించింది. తరువాత తేలిందేమిటంటే ఇంజిన్ చల్లగానే ఉంది, తప్పు చెప్పింది సెన్సర్. జూన్‌లో ఆ ప్రశ్న అడిగి ఉంటే ఆగస్టులో ఆ గందరగోళం ఉండేది కాదు.

సెప్టెంబర్ 3న ఇంకోసారి ప్రయత్నించారు. ఈసారి పెద్ద గొట్టం మూతి కారింది. చుట్టూ గాలిలో హైడ్రోజన్ 4 శాతం దాటితే నిప్పు అంటుకునే ప్రమాదం, అక్కడ దానికి రెండు మూడు రెట్లు కనిపించింది. ప్రయోగ సారథి చార్లీ బ్లాక్‌వెల్-థాంప్సన్ ఆ రోజుకు ప్రయోగాన్ని రద్దు చేశారు. తర్వాత ఆ మూతిలోని సీలు మార్చారు, నింపే పద్ధతి కూడా మార్చారు. ఒత్తిడి తగ్గించి, హడావుడి లేకుండా, చలిని మెల్లగా అలవాటు చేస్తూ పోయడం. సెప్టెంబర్ 21న ఆ పద్ధతి పనిచేస్తుందని చూసుకున్నారు. అంతలో తుపాను ముంచుకొచ్చి రాకెట్‌ను మళ్లీ షెడ్డులోకి లాగాల్సి వచ్చింది.

ఈ మొత్తం కథలో నా మనసులో నిలిచిపోయిన ఘట్టం నవంబర్ 15 రాత్రిది. ట్యాంకు నిండింది. మళ్లీ లీకు. ఈసారి ప్రయోగ వేదిక అడుగున ఉన్న ఒక వాల్వు. ‘రెడ్ క్రూ’ అనే ముగ్గురు సాంకేతిక నిపుణులు, ఇంధనంతో నిండి బుసలు కొడుతున్న రాకెట్ కిందికి వెళ్లి, పానాతో వదులైన నట్లు బిగించి వచ్చారు. కొన్ని గంటల తర్వాత, 16వ తేదీ తెల్లవారుజామున 1:47కు, మనకు మధ్యాహ్నం 12:17కు, రాకెట్ లేచింది. లోపల మనుషులు లేరు. పాతికన్నర రోజుల ప్రయాణంలో చంద్రుడిని చుట్టి వచ్చి డిసెంబర్ 11న ఓరియన్ పసిఫిక్‌లో దిగింది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. మనుషులను ఎక్కించే ముందు ఖాళీగా ఎన్నిసార్లు ఎగరాలి? అపోలో చంద్రయాత్రల రోజుల్లో సాటర్న్-5 రాకెట్ రెండుసార్లు ఖాళీగా ఎగిరింది. 1967 నవంబర్‌లో చక్కగా, 1968 ఏప్రిల్‌లో అధ్వానంగా. రెండోసారి రాకెట్ నిలువునా ఊగిపోయింది, రెండో దశలో రెండు ఇంజిన్లు ఆరిపోయాయి. కారణాలు కనిపెట్టి సరిచేసి, మూడో ప్రయాణంలోనే ముగ్గురిని ఏకంగా చంద్రుడి చుట్టూ పంపారు. ఎస్ఎల్ఎస్ విషయంలో ఖాళీ ప్రయాణం ఒక్కటే, రెండోదాన్ని మనుషుల కోసమే కేటాయించారు. దీని వెనుక ధైర్యం కన్నా డబ్బు లెక్క ఎక్కువ. తొలి నాలుగు యాత్రల్లో ఒక్కో ప్రయోగానికి 410 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని నాసా సొంత తనిఖీ విభాగమే 2021లో అంచనా కట్టింది. అంత ఖరీదైన వస్తువును పరీక్ష కోసం పదే పదే సముద్రంలో పారేయలేరు. అందుకే ఎగరకుండా నేల మీదే అన్నీ తేల్చుకోవాలన్న తపన.

చంద్రుడి మీద దించే వాహనం కోసం నాసా 2021 ఏప్రిల్‌లో ఎంచుకున్న స్పేస్‌ఎక్స్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడుస్తోంది. స్టార్‌షిప్ అనే భారీ రాకెట్లను వరుసగా కట్టడం, ఎగరేయడం, పేలితే కారణం వెతికి తర్వాతిదాన్ని మార్చడం. 2023 ఏప్రిల్ 20న తొలి పూర్తి ప్రయోగంలో దాని ఇంజిన్ల మంటకు వేదిక కింది కాంక్రీటు ముక్కలై ఎగిరిపోయింది. 2024 అక్టోబర్ 13న అదే వేదికకు తిరిగొచ్చిన బూస్టర్‌ను గోపురపు చేతులతో గాలిలోనే పట్టుకున్నారు. ఏ పద్ధతి గొప్పదన్న వాదన నాకు పెద్దగా రుచించదు. ఒకటి తక్కువ వస్తువులను లోతుగా ప్రశ్నిస్తుంది, రెండోది ఎక్కువ వస్తువులను ఆకాశంలో ప్రశ్నిస్తుంది. నేల మీద ఎంత అడిగినా దొరకని జవాబులు కొన్ని ఉన్నాయన్నది మాత్రం వాస్తవం. ఓరియన్ ఉష్ణ కవచమే అందుకు సాక్ష్యం.

చంద్రుడి నుంచి వచ్చే గుళిక గంటకు సుమారు 39,000 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూరుతుంది. అడుగున అయిదు మీటర్ల వెడల్పు కవచం, దాని మీద ఆవ్‌కోట్ అనే పదార్థపు దిమ్మలు 186. వేడి 2,700 డిగ్రీలు దాటుతుంది. ఆవ్‌కోట్ ఆ వేడికి మెల్లగా మాడి, బొగ్గు పొరగా మారి, తనతో పాటు వేడిని తీసుకుపోవాలి. తిరిగొచ్చిన కవచాన్ని విప్పి చూస్తే వందకు పైగా చోట్ల ఆ బొగ్గు మెల్లగా అరిగిపోకుండా పెళ్లలు పెళ్లలుగా ఊడిపోయి ఉంది. గుళిక లోపల మాత్రం గది వాతావరణమే, మనుషులుంటే క్షేమంగానే ఉండేవారు. కానీ అలా ఊడుతుందని ఏ లెక్కా ముందు చెప్పలేదు.

కారణం తేలడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఓరియన్ గాలిలోకి ఒకేసారి దిగలేదు. చెరువు నీటి మీద అడ్డంగా విసిరిన పెంకులా, ఒకసారి గాలిని తాకి, పైకి లేచి, మళ్లీ దిగింది. ఆ లేచిన కాసేపు వేడి తగ్గింది. పైన బొగ్గు పొర ఏర్పడటం మందగించింది, లోపల మాత్రం ఆవ్‌కోట్ ఉడుకుతూ వాయువులను వదులుతూనే ఉంది. బయటికి దారి లేని వాయువు ఉబ్బి పైపొరను పగలగొట్టింది. గాటు పెట్టకుండా నూనెలో వేసిన పచ్చిమిరపకాయ పేలేది ఇందుకే.

నేల మీది పరీక్షల్లో ఇది ఎందుకు బయటపడలేదు? ఆ పరీక్షలు అసలు ప్రయాణం కన్నా కఠినంగా ఉండటం వల్ల! మండే వాయువుల ధారలో ఆవ్‌కోట్ ముక్కలను నిజంగా తగిలేదాని కన్నా ఎక్కువ వేడికి గురిచేశారు. ఆ వేడికి బొగ్గు పొర త్వరగా, సందులు సందులుగా ఏర్పడి వాయువును హాయిగా బయటికి వదిలేసింది. ఎక్కువ వేడిని తట్టుకున్నది తక్కువ వేడిని తట్టుకోదా అని ఎవరైనా అనుకుంటారు. తట్టుకోలేదు. ట్యాంకు విషయంలో రెండున్నర రెట్ల భారం నిజాన్ని చెప్పింది, కవచం విషయంలో ఎక్కువ వేడి నిజాన్ని దాచింది. కాలిఫోర్నియాలోని ఏమ్స్ కేంద్రంలో తక్కువ వేడిని, మధ్యలో విరామాన్ని అనుకరించి చూశాకే ఆ పగుళ్లు నేల మీద పుట్టాయి.

ఇది తెలిసేసరికి రెండో యాత్ర గుళికకు అదే రకం కవచాన్ని బిగించేసి ఉన్నారు. దాన్ని విప్పి కొత్తది వేయాలా, ఉన్నదానితోనే వెళ్లాలా అన్న నిర్ణయాన్ని నాసా 2024 డిసెంబర్‌లో ప్రకటించింది. కవచం అదే ఉంటుంది, దారి మారుతుంది. గాలిని తాకి పైకి లేచే ఆ గంతును కుదించి, వాయువు పోగుపడే సమయాన్ని తగ్గించాలి. తర్వాతి గుళికలకు ఆవ్‌కోట్ దిమ్మలను వాయువు సులువుగా బయటికి పోయేలా తయారుచేయాలి. ఆ రెండో యాత్రకు 2023 ఏప్రిల్‌లోనే నలుగురి పేర్లు ప్రకటించారు: రీడ్ వైజ్‌మన్, విక్టర్ గ్లోవర్, క్రిస్టీనా కోక్, కెనడాకు చెందిన జెరెమీ హాన్సెన్. తిరుగు ప్రయాణంలో గుళిక తన అడుగును ముందుకు పెట్టి గాలిలోకి దూరుతుంది. లోపల కూర్చున్నవాళ్ల వీపులు ఆ కవచం వైపే ఉంటాయి.